ఎగుమతి, దిగుమతి: అర్థం, వ్యవహారం
(సూర్యాపేట – మిర్యాలగూడ ప్రాంతపు వరి వర్తకం ఆధారంగా)

వ్యాససంగ్రహం

అంతర్జాతీయ వర్తకంలో నిత్యం వినిపించే ‘ఎగుమతి’, ‘దిగుమతి’ అనే మాటలకు తెలుగులో ఒకదానికొకటి భిన్నమైన మూడు ప్రయోగాలున్నాయి. బరువు ఎత్తడం–దించడం మొదటిది. ఒకచోటి సరుకును మరోచోటికి పంపడం–రప్పించడం రెండవది. దేశపు సరిహద్దు దాటించడం మూడవది. నిఘంటువులూ పాఠ్యపుస్తకాలూ మూడవ అర్థాన్నే ప్రధానంగా చూపుతాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు వరి వర్తకంలో మూడూ ఒకే రోజున, ఒకే బస్తా విషయంలో వినిపిస్తాయి. ఈ మూడింటి పరస్పర సంబంధాన్ని, వాటిని వేరుచేసి చూడకపోతే కలిగే పొరపాట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఎగుమతి, దిగుమతి, అర్థసంకోచం, వరి వర్తకం, మునగాల పరగణా, కరోడ్‌గిరి, మోతె.

1. ప్రవేశిక

వరికోతల కాలంలో సూర్యాపేట జిల్లా వార్తల పుటల్లో తరచుగా కనిపించే వాక్యాలు రెండున్నాయి. మిల్లుల వద్ద ధాన్యం దిగుమతి కావడం లేదని ఒకటి. బియ్యం ఎగుమతిపై కేంద్రం ఆంక్షలు విధించిందనో, సడలించిందనో మరొకటి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి, తెలుగు కొత్తగా నేర్చుకున్నవారిచేత అర్థం చెప్పిస్తే చిక్కు బయటపడుతుంది. మొదటి వాక్యాన్ని వారు పరదేశపు ధాన్యం తెలంగాణకు రావడం లేదని చదువుతారు. కంప్యూటరు అనువాదానికీ అదే ప్రమాదం పొంచి ఉంది. అసలు విషయం అది కాదు. మోతె మండలంలోని ఏదో ఒక కొనుగోలు కేంద్రంలో కాంటా వేసిన ధాన్యం లారీలో మిల్లు గేటు దాకా చేరింది. దానిని కిందికి దించుకోలేదు. ‘దిగుమతి’ అక్కడ దించడమే.

దీనిని ప్రాంతీయ వాడుకగానో, పత్రికా విలేఖరి అజాగ్రత్తగానో కొట్టివేయడం సులభం. అయితే పద నిర్మాణాన్ని చూస్తే మిల్లు గేటు దగ్గరి వాడుకే మాట మూలానికి దగ్గరగా ఉన్నదనీ, పాఠ్యపుస్తకపు అర్థమే తరువాతిదనీ తేలుతుంది.

2. పద నిర్మాణం

ఎగు, దిగు అనేవి తెలుగులో జంట ధాతువులు. ఎగువ–దిగువ, ఎగుడు–దిగుడు ఈ జంట నుంచే వచ్చాయి. ఎగయు, ఎగురు, ఎగబాకు మొదటివైపు. దిగుడుబావి, దిగుబడి రెండవవైపు. పంట ఎంత ‘దిగింది’ అని రైతు అడగడం, ఆ దిగుబడి మిల్లులో ‘దిగుమతి’ కాలేదని వాపోవడం ఒకే ధాతువుతో జరిగే సంభాషణ. సుంకం ఎగవేశాడనడంలో ఉన్నదీ ఈ ‘ఎగు’వే. ఎగుమతిదారు సుంకం ఎగవేశాడంటే ధాతువు రెండుసార్లు వచ్చినట్లే, అర్థాలు మాత్రం వేరు.

ఈ జంటలో దేశం లేదు, సరిహద్దు లేదు, రేవు కూడా లేదు. ఉన్నది నిలువు దిశ ఒక్కటే. సరుకు పైకి వెళ్తే ఎగుమతి, కిందికి వస్తే దిగుమతి. పైన ఉండేది బండి కావచ్చు, ఎద్దు వీపు కావచ్చు, పడవ కావచ్చు, లారీ కావచ్చు. ఎత్తేవాడి భుజం నుంచి చూసినప్పుడే ఈ మాటలు సరిగా అర్థమవుతాయి. కొనేవాడి, అమ్మేవాడి, సుంకం వసూలు చేసేవాడి దృష్టి వీటిలో మొదట లేదు.

ఆంగ్లపు ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్‌లు ఇందుకు భిన్నం. లాటిన్‌లో ‘పోర్తారె’ అంటే మోయడం. బయటికి మోయడం ఒకటి, లోపలికి మోయడం మరొకటి. ‘పోర్ట్’ అంటే రేవు కనుక రేవు దాటించడమే ఎక్స్‌పోర్ట్ అని తరగతి గదుల్లో చెప్పడం కద్దు. అది సరికాదు. రేవుకు లాటిన్‌లో ‘పోర్తుస్’ అనే వేరే మాట ఉంది. రెండూ దూరపు బంధువులేగాని ఒకదాని నుంచి మరొకటి పుట్టలేదు. ఏమైనా ఆంగ్ల పదాలకు లోపల–బయట అనే భావన పుట్టుకతోనే ఉంది. లోపల–బయట అనగానే మధ్య ఒక గీత ఏర్పడుతుంది. ఎగుమతి–దిగుమతులకు అటువంటి గీతను తరువాతి కాలం గీసింది.

3. ఇరుగుపొరుగు భాషలు

ఈ నిలువు భావన తెలుగుకే పరిమితం కాదు. తమిళంలో ‘ఏట్రుమతి’, ‘ఇరక్కుమతి’ అంటారు. ఏట్రు అంటే ఎక్కించు, ఇరక్కు అంటే దించు. మలయాళంలో ‘కయట్రుమతి’, ‘ఇరక్కుమతి’. మూడు భాషల్లోనూ ధాతువులన్నీ ఒకటి కాకపోయినా భావమూ, చివరి ‘మతి’ అచ్చూ ఒకటే. తూర్పు, పడమటి తీరాల రేవుల్లో తిరిగిన వర్తకుల ఉమ్మడి పరిభాషగా దీన్ని గుర్తించడం సమంజసం.

కన్నడం మాత్రం వేరు దారి పట్టింది. అక్కడ ‘రఫ్తు’, ‘ఆమదు’. ఇవి ఫారసీ నుంచి వచ్చినవి. వెళ్లడం, రావడం అని అర్థం. హిందీ, మరాఠీల ‘నిర్యాత్’, ‘ఆయాత్’ సంస్కృత ధాతువుతో అదే పని చేస్తాయి. ఉర్దూలో ‘బరామద్’, ‘దరామద్’. నిజాం రాజ్యంలో 1880ల నుంచి ఉర్దూ పాలనా భాష, అంతకుముందు ఫారసీ. కనుక సుంకపు కచేరీ కాగితాల భాషకూ, బస్తా మోసేవారి భాషకూ ఈ ప్రాంతంలో పొత్తు లేదు. ఫారసీ ‘ఆమద్’ కుటుంబానికే చెందిన ‘ఆమ్దానీ’ తెలంగాణ పల్లెల్లో రాబడి అనే అర్థంలో స్థిరపడింది. ‘దరామద్’ మాత్రం కచేరీ గడప దాటి జనం నోటికి ఎక్కలేదు. కారణం ఊహించవచ్చు. రాబడి ప్రతి ఇంటికీ సంబంధించినది. సరిహద్దు సుంకం వర్తకుడికీ సర్కారుకూ మధ్య వ్యవహారం. జనానికి కావలసిన ఎత్తడం, దించడం అనే పనులకు తెలుగు మాటలు అప్పటికే ఉన్నాయి.

4. రేవు నుంచి పరగణా దాకా

సముద్ర వర్తకపు సుంకం గురించి తెలుగు నేలపై లభించే ప్రసిద్ధ ఆధారం మోటుపల్లి శాసనం. నేటి బాపట్ల జిల్లాలోని ఆ రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన ఈ అభయశాసనం ఓడ వర్తకులకు హామీ ఇచ్చింది. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకునేవారు. ఇకపై అలా జరగదనీ, వచ్చే పోయే సరుకుపై ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామనీ దాని సారాంశం. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ సెట్టి అటువంటి రేవు వర్తకుడే. సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీని పట్టు మొదలైన వాటిని రప్పించిన ఆయన ఘనతను చెప్పే పద్యంలో శ్రీనాథుడు వాడిన క్రియ ‘తెచ్చు’. వర్తకుడి ఘనత తేవడంలో ఉంది. దించడం కూలివాని పని.

రేవులో ఓడ ఎక్కడం, దేశం దాటడం ఒకేసారి జరుగుతాయి. అందువల్ల నిలువు అర్థం సరిహద్దు అర్థంలోకి జారడానికి రేవే సహజమైన చోటు. సముద్రానికి దూరంగా ఉన్న సూర్యాపేట ప్రాంతంలో అది ఎలా జరిగింది? ఇక్కడ భూమి మీదనే ఒక పరాయి సరిహద్దు ఉండేది.

మోతెకు పొరుగునే ఉన్న మునగాల, నడిగూడెం ప్రాంతం మునగాల పరగణాగా కృష్ణా జిల్లాకు, అంటే మద్రాసు రాజధానికి చెందినది. దాని చుట్టూ నిజాం రాజ్యం. ఒక ద్వీపంలా ఉండిన ఆ పరగణాకు జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలియడంలో వీరి పాత్ర తెలిసిందే. ఆధునిక విషయాలకు తెలుగు పరిభాష సమకూర్చే పనిని తలకెత్తుకున్న లక్ష్మణరావు, ఆ సరిహద్దు నడుమన కొలువు చేయడం ఈ వ్యాస విషయానికి చక్కగా అమరిన యాదృచ్ఛికత.

నిజాం రాజ్యానికి సొంత సుంకపు శాఖ ఉండేది. దానిని కరోడ్‌గిరి అనేవారు. ఈస్టిండియా కంపెనీతో 1802లో కుదిరిన వర్తక ఒప్పందం సుంకాన్ని సరుకు విలువలో నూటికి ఐదుగా నిర్ణయించింది. ఆ లెక్కన మునగాల పరగణా గట్టు దాటిన బండి పరదేశం వెళ్లినట్లే. నాలుగు కోసుల దూరంలోని చుట్టాలింటికి వెళ్లడమూ, పొరుగు రాజ్యంలోకి సరుకు తరలించడమూ అక్కడ ఒకే బండిబాట మీద జరిగే పనులు. కోదాడ – జగ్గయ్యపేట మార్గంలోనూ ఇదే పరిస్థితి. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత ఆ సుంకాలు పోయాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప పరగణా నల్లగొండ జిల్లాలో చేరింది. 2014 జూన్ 2న కోదాడ మళ్లీ సరిహద్దు పట్టణమైంది, ఈసారి రాష్ట్రానికి. కొనుగోలు కాలంలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే ధాన్యపు లారీలను రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర నిలిపివేయడం వార్తలకెక్కింది. గీతలు మారుతూ వచ్చాయి. బరువు ఎత్తేవారి మాట మారలేదు.

5. బస్తా ప్రయాణం

నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న నీరు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణమయ్యాయి. ఆ వెంటనే మిల్లులు పెరిగాయి. మిర్యాలగూడ ఉప్పుడు బియ్యానికి పేరుపొందింది. యాసంగిలో పండిన వడ్లను పచ్చిగా ఆడిస్తే ఎండ తీవ్రత వల్ల నూక ఎక్కువవుతుంది. ఉడికించి ఆరబెట్టి ఆడిస్తే గింజ నిలుస్తుంది. ఉప్పుడు మిల్లులు ఇక్కడ అంతగా నెలకొనడానికి ఇదొక ముఖ్య కారణం.

మోతె పరిసరాల్లోని ఒక కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తా కాంటా అవుతుంది. హమాలీలు దానిని లారీకి ఎత్తుతారు. అది ఎగుమతి. కేంద్రం నుంచి ధాన్యం వెంటనే ఎగుమతి చేయాలని అధికారులు ఆదేశించారని పత్రికలు రాసేది దీని గురించే. లారీ మిల్లుకు చేరాక దిగుమతి. ఈ రెండింటి నడుమ లారీ వరుసలో నిలిచి ఉంటుంది. తేమ, తాలు పేరుతో తరుగు ఎంత తీయాలన్న వాదన అక్కడే జరుగుతుంది. సాధారణంగా సరుకు దిగి, ట్రక్ షీట్ తిరిగి వచ్చి, వివరాలు నమోదైన తరువాతనే రైతు ఖాతాకు సొమ్ము కదులుతుంది. పాఠ్యపుస్తకపు దిగుమతి దేశం చెల్లించే దానికి సంబంధించినది. మోతె రైతుకు దిగుమతి తనకు రావలసిన దానికి సంబంధించినది. ఒకే మాటలో చెల్లింపు దిశ తారుమారైంది.

ఇక రెండవ అంచె. మిల్లులో ఆడిన ఉప్పుడు బియ్యం లారీల్లో, రైలు వ్యాగన్లలో బయటికి వెళ్తుంది. కేరళకో తమిళనాడుకో వెళ్తే దానినీ ఎగుమతి అనే అంటారు. అదే రకం బియ్యం భారతదేశం నుంచి బెనిన్, టోగో వంటి పశ్చిమాఫ్రికా దేశాలకు వెళ్తుంది. అదీ ఎగుమతే. మిల్లు యజమాని మాటల్లో ఈ రెండింటికీ తేడా వినిపించదు. తేడా తెలుపవలసి వస్తే ‘ఫారిన్ ఎగుమతి’ అనో ‘ఓడ సరుకు’ అనో ఒక విశేషణం చేర్చడమే మార్గం. విశేషణం కావలసి వచ్చిందంటే, చేర్చని ‘ఎగుమతి’కి దేశం దాటడం అనే అర్థం స్వతస్సిద్ధం కాదన్నమాట. భాషాశాస్త్ర దృష్టిలో ఇది బలమైన ఆధారం.

6. చట్టం చేసిన అర్థసంకోచం

చట్టానికి ఇంత వెసులుబాటు పనికిరాదు. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో ఎగుమతి అంటే భారతదేశం నుంచి బయటి చోటికి తీసుకుపోవడం, దిగుమతి అంటే బయటి చోటి నుంచి భారతదేశంలోకి తీసుకురావడం. రాజ్యాంగం ఏడవ అనుబంధంలోని కేంద్ర జాబితాలో 41వ అంశం విదేశీ వర్తకాన్ని, కస్టమ్స్ సరిహద్దుల మీదుగా జరిగే ఎగుమతి దిగుమతులను చెబుతుంది. రాష్ట్రాల మధ్య వర్తకం దాని పక్కనే 42వ అంశంగా వేరుగా ఉంది. ఈ లెక్కన కేరళకు వెళ్లిన మిర్యాలగూడ బియ్యం ఎగుమతి కాదు. 301వ అధికరణం దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలంటుంది. 286వ అధికరణం ఎగుమతి దిగుమతుల క్రమంలో జరిగే అమ్మకాలపై రాష్ట్రాలు పన్ను వేయరాదంటుంది. ఏ అమ్మకం ఏ మాట కిందికి వస్తుందన్నదాన్ని బట్టి పన్ను మారుతుంది. అందుకే చట్టానికి ఇరుకైన అర్థం అవసరమైంది.

ఇరుకు చేసిన చట్టమే మరోవైపు విస్తరించింది కూడా. విదేశీ వర్తక విధానంలో ‘ఎగుమతిగా భావించేవి’ అనే వర్గం ఉంది. వాటిలో సరుకు దేశం దాటదు. సేవల ఎగుమతిలో ఎత్తవలసిన బరువే లేదు. హైదరాబాదులో కూర్చుని అమెరికా సంస్థకు చేసిన పనికి, నిర్దేశించిన షరతులు తీరితే, 2017 నాటి సమీకృత వస్తుసేవల పన్ను చట్టం కింద ఎగుమతి హోదా లభిస్తుంది. ధాతువులోని ‘ఎగు’ ఇక్కడ పూర్తిగా ఆవిరైంది.

7. ఓడ ఎక్కే క్షణం

అయినా అంతర్జాతీయ వర్తకపు ఆచారంలో పాత నిలువు అర్థం ఒకచోట చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. ఎఫ్.ఓ.బి. పద్ధతిలో సరుకును ఓడపై ఎక్కించేదాకా ఖర్చూ నష్టభయమూ అమ్మేవానివి. ఎక్కిన తరువాత కొనేవానివి. వెనుకటి నిబంధనల ప్రకారం సరుకు ఓడ అంచు కమ్మీని దాటగానే బాధ్యత మారేది. గాలిలో వేలాడుతున్న బస్తా కమ్మీకి ఇవతల పడిందా, అవతల పడిందా అన్న ప్రశ్నకు అప్పట్లో విలువ ఉండేది. ఇన్‌కోటర్మ్స్ 2010 నిబంధనలు ఆ గీతను తొలగించి, సరుకు ఓడపై చేరడాన్నే ప్రమాణం చేశాయి. భారతదేశపు లెక్కల్లో ఎగుమతుల విలువ ఎఫ్.ఓ.బి. ప్రకారం, దిగుమతుల విలువ బీమా, ఓడ కిరాయి కలిపిన సి.ఐ.ఎఫ్. ప్రకారం నమోదవుతుంది. ఎగుమతి విలువ అంటే సరుకు పైకి ఎక్కిన క్షణపు విలువ. తెలుగు ధాతువు చెబుతున్నదీ ఆ క్షణమే.

దీని ప్రాముఖ్యం 2023 జూలై 20న స్పష్టంగా కనిపించింది. ఆనాడు కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. మినహాయింపుల్లో మొదటిది, ఉత్తర్వుకు ముందే ఓడలోకి ఎక్కించడం మొదలైన సరుకు. బిల్లు సమర్పించి, ఓడ అప్పటికే రేవు చేరి ఉన్నవీ, కస్టమ్స్‌కు అప్పగించినవీ తరువాతి మినహాయింపులు. ఎత్తడం మొదలైందా లేదా అన్న ఒక్క విషయం మీద వేల టన్నుల గతి ఆధారపడింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం వచ్చింది. మిర్యాలగూడకు నేరుగా తగిలింది ఇదే. 2024 సెప్టెంబరులో దానిని 10 శాతానికి తగ్గించారు. అక్టోబరులో పూర్తిగా ఎత్తివేశారు. సుంకం కూడా ‘ఎత్తివేయబడే’దే కావడం తెలుగు చమత్కారం.

తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు పంపిన బియ్యంలో మొదటి విడత 12,500 టన్నులు 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి బయలుదేరాయి. అవి కాటన్‌దొర సన్నాలుగా రైతులెరిగిన ఎం.టి.యు. 1010 రకం. ఆ ఓడ ఎక్కేముందు ఆ గింజ కొనుగోలు కేంద్రంలోనూ, మిల్లులోనూ ఎగుమతీ దిగుమతీ అయి ఉంటుంది. గణాంకాల్లో మాత్రం చివరి ఎగుమతి ఒక్కటే చేరింది.

8. నిఘంటువు, అనువాదం, క్షేత్రసేకరణ

పాత పత్రికలను, వర్తక కాగితాలను ఆధారంగా తీసుకునే పరిశోధకులు ‘ఎగుమతి’ కనిపించిన ప్రతిచోటా విదేశీ వర్తకాన్ని చదవడం ప్రమాదం. మునగాల పరగణా గురించిన కాగితంలో ఆ మాట ఉంటే అది సుంకపు గట్టు దాటడమా, బండి ఎక్కించడమా అన్నది సందర్భం తేల్చాలి. సుంకం, రవానా చీటీ, కచేరీ పేరు పక్కన ఉంటే ఒక అర్థం. కూలి, బండి కిరాయి, బస్తాల లెక్క ఉంటే మరొకటి. 1956 తరువాతి కాగితమైతే పరగణా ప్రసక్తితో సరిహద్దును ఊహించడం పొసగదు.

అనువాదకునికి ఇంకో మెలకువ కావాలి. మిల్లు దగ్గరి దిగుమతిని ఆంగ్లంలోకి అన్‌లోడింగ్ అనే తేవాలి. ఇంపోర్ట్ అని తెస్తే తెలంగాణ ధాన్యం కొనుక్కునే రాష్ట్రమవుతుంది! తిరుగు దిశలో కూడా ‘లోడింగ్’ అన్నచోట ఎగుమతి అని రాయడానికి తెలుగు పాత్రికేయులు వెనుకాడనవసరం లేదు. దేశాంతర వర్తకం ప్రస్తావన అదే వార్తలో ఉన్నప్పుడు మాత్రం ‘ఎత్తుడు’, ‘దించుడు’ వంటి మాటలతో వేరుచేయడం మేలు. బ్రౌను 1852లో ముద్రించిన నిఘంటువులోనే ఈ జంటకు చోటు దక్కింది. ఇప్పుడు కావలసింది ఆరోపాలను క్రమంలో పెట్టడం: ఎత్తుట–దించుట ముందు, తరలింపు తరువాత, దేశాంతర వర్తకం ఆ పిదప. ప్రతిదానికీ ప్రాంతం, కాలం పేర్కొన్న ప్రయోగం జతపరచాలి.

సూర్యాపేట మార్కెట్ యార్డు, మిర్యాలగూడ మిల్లులు ఈ సేకరణకు అనువైన చోట్లు. కాంటా వేసే దడవాయి, గింజలు చెరిగే చాట కూలీ, బస్తా మోసే హమాలీ, కొనే ఖరీదుదారు – ఈ నలుగురి నోట ‘దిగుమతి’ ఒకే అర్థంలో వినిపిస్తుందా అన్నది పరీక్షించదగిన ప్రశ్న. టిప్పర్లు, యంత్రాలు బస్తాల స్థానంలోకి వస్తున్న మిల్లుల్లో సరుకు ఎవరి భుజం మీదినుంచీ దిగదు. అటువంటి మిల్లుల్లో ఆ పనిని దిగుమతి అంటున్నారో, అన్‌లోడ్ అంటున్నారో విడిగా నమోదు చేయాలి.